కాగితాల్ని తిట్టే ప్రొఫెసరమ్మ

మా ప్రొఫెసరమ్మ మనుషుల్ని పల్లెత్తు మాట అనదు. కాగితాల్ని మాత్రం ఉతికి ఆరేస్తుంది.

ఆ సంగతి నాకు ముందు తెలియదు. వాళ్లింట్లో స్నానాలగదికి నేను టైల్స్ వేస్తుంటే పక్కగదిలోంచి ఒకటే కేక.

"ఓరి దద్దమ్మా! చెదపురుగుల్ని ఆపుతాడట! ఎలా ఆపుతావురా, దండం పెట్టా?"

ఎవర్నో చంపేస్తోందనుకుని సిమెంటు చేతులతోనే పరిగెత్తాను. చూస్తే గదిలో ఆవిడ, ఒక కాగితాల కట్ట. అంతే!

"ఎవర్నమ్మా?"

"వీణ్ణే," అని కట్ట చూపించింది.

పరిశోధనకు డబ్బు కావాలని సైంటిస్టులు పెట్టుకునే అర్జీలట అవి. డబ్బిచ్చే సంస్థ వాటిని ఇలాంటి చదువుకున్నవాళ్లకు పంపి, మంచిచెడ్డలు చెప్పమంటుందట.

"ఎవరమ్మా ఇతను?"

"తెలీదు. పేరు కప్పేసి పంపుతారు."

"ఎవరో తెలీకుండానే ఇన్ని తిట్లా!"

"తెలిస్తే మొహమాటమొస్తుందయ్యా."

"మరి దీనికి కూలెంత?"

"కూలేంటి? ఊరికే చేస్తాం."

కూలి ఎగ్గొట్టినవాణ్ణి తిట్టడానికే నాకు ఓపిక చాలదు. ఈవిడ ముక్కూమొహం తెలియనివాణ్ణి, అదీ ఉచితంగా, గొంతు బొంగురుపోయేలా తిడుతోంది!

మర్నాడు, ఏ అర్జీకి డబ్బివ్వాలో తేల్చే కమిటీ పెద్దాయన ఇంటికొచ్చాడు.

"ఆ చెదపురుగుల అర్జీ కొట్టేద్దాం మేడమ్. మనిషికి రాయడమే రాదు. ఈసారి డబ్బు రాకపోతే ల్యాబు మూసుకుంటాడట. మూసుకోనీండి, పీడా పోతుంది."

ఈవిడ చివాల్న లేచింది. "ఎవరికండీ రాయడం రానిది?"

పెద్దాయన బిత్తరపోయాడు. "అదేంటి! నిన్న ఫోన్లో మీరే దద్దమ్మ అన్నారు!"

"నేనంటాను. మీరనడానికి వీల్లేదు!"

గుమ్మం దగ్గర నేను తాపీ పక్కనపెట్టి చెవులు రిక్కించాను. ఆవిడ ఆగలేదు.

"ఆలోచన బంగారమండీ. చెప్పడం చేతకాలేదు, అంతే. తిరగరాసుకోనివ్వండి. ఎక్కడ దిద్దుకోవాలో నేను రాసిస్తాను."

"అంతా మీరే?"

"నేనే."

ఆయన అటూ ఇటూ నసిగి, సరే, ఇంకో అవకాశమిద్దామని ఒప్పుకుని వెళ్లిపోయాడు.

కాసేపటికి గోడవతల, రాస్తున్నది పైకి చదువుతూ మెత్తటి గొంతు, పసిపిల్లకి అన్నం తినిపిస్తున్నట్టు: "మీ ఆలోచన చాలా బాగుంది. పురుగుల్ని ఎలా లెక్కపెడతారో ఇంకొంచెం వివరంగా చెబితే..."

కేకలకైనా ఇంత హడలిపోలేదు. ఒక్క పరుగున వెళ్లాను.

"అమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందయ్యా," అంది రాస్తూనే. "తిట్లయిపోయాయి."