పసుపు మీద ఊదా రంగు

నాకు నోరెక్కువ, చేతికి తొందరెక్కువ. ఖమ్మంల నాకు పార్లర్ పని నేర్పిన ఆపా రోజుకు పదిసార్లు ఇదే మాట అనేది. కంటి మీద రంగు పెట్టుడు నేర్పేటప్పుడైతే నా చూపుడువేలి మీద ఒక్కటేసేది. "గీ వేలికి పెత్తనం ఎక్కువ. ఉంగరం వేలు తియ్. దానికి బలం లేదు, అందుకే కంటిని నొప్పియ్యదు. రంగు పెట్టుడు ఎవరికైనా వస్తది బేటీ, అంచు కనపడకుండ చెరుపుడే అసలు పని." నేను అవ్ అవ్ అని తలూపి, మళ్ల చూపుడువేలే ముంచేదాన్ని.

దమ్మపేటల సొంతంగ పార్లర్ పెట్టుకున్నంక మొదటి పెండ్లి పని అడవి అంచు ఊరి నుంచి వచ్చింది. పెండ్లిపిల్లే ఫోన్ చేసింది. "అక్కా, నా ఎడమ కంటి రెప్ప జర కిందికి వాలి ఉంటది. రెండు కండ్లు ఒక్క తీరు కనపడేటట్టు చేస్తవా?" అన్నది. "గంతేనా, చిటికెల పని" అన్న. గోరంత పనికి కొండంత గొప్ప, నా సంగతే అంత.

పెండ్లినాడు పొద్దుగాలనే స్కూటీ మీద పోయిన. పిల్ల లోపలి గదిల పీట మీద కూసున్నది, ముఖమంత నలుగు పసుపు. కడుక్కొని రమ్మన్న. ఆమె మేనత్త ఒప్పుకోలే. వాళ్లింట్ల తలంబ్రాలు పడేదాక ఆ పసుపు మీద నీళ్లు పడొద్దంట. సరే తియ్ అనుకున్న. చీర ఊదా రంగు, నా పెట్టెల ఊదా రంగు ఉన్నది. ఇంక ఆలోచించేదేంది?

ఎడమ రెప్ప మీద సన్నటి గీత లెక్క మచ్చ ఉన్నది. ఇంకా బడికి పోని వయసుల నాయనమ్మ వెంట అడవికి బీడీల తునికాకు తెంపవోతే, కొమ్మ ఎదురు తిరిగి కంటికి కొట్టిందంట. ఆ మచ్చ కప్పుదామని ఊదా రంగు రెండు పూతలు గట్టిగ వేసిన, అదీ చూపుడువేలితోనే. పసుపు మీద పడేసరికి అది ఊదా రంగు కాకుండ పోయింది. నల్లగ, నీలంగ, దెబ్బ తగిలి కమిలిన కన్ను తీరుగ అయ్యింది.

సరిగ్గ అప్పుడే నాయనమ్మ చాయ్ గిలాస పట్టుకొని లోపలికొచ్చింది. పిల్లను చూసింది. గిలాస కిందవడ్డది. "అయ్యో బిడ్డా, మళ్ల గదే కన్ను!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకొని బయటికి పోయి, గోడ పక్కన కూలబడ్డది. నా పై ప్రాణాలు పైనే పోయినయ్. ఆపా ఉంటే వేలి మీద కాదు, వీపు మీద వేసేది.

"చాలు తల్లీ, తుడిచెయ్. ఉత్త ముఖమే నయం" అన్నది మేనత్త. పిల్ల మాత్రం నా చెయ్యి పట్టుకొని వదల్లే.

"పోకు అక్కా. నేను అడిగింది ఫోటోల కోసమనుకున్నవా? ఆ దెబ్బ తగిలినప్పటి నుంచి మా నాయనమ్మ నా ముఖం చూస్తలేదు, ఆ కన్నునే చూస్తది. అన్నం పెట్టుకుంట అదే చూస్తది, జడ వేసి ముందుకు తిప్పుకొని అదే చూస్తది. అంత తన తప్పే అనుకుంటది. రేపటి నుంచి నేను ఈ ఇంట్ల ఉండ. పోయే ముందు ఒక్కసారన్న నా ముఖం చూడాలె."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలే. మేనత్తను అడిగిన, నీళ్లు వద్దన్నరు గని కొబ్బరినూనె పర్వాలేదా అని. పర్వాలేదన్నది. దూది నూనెల ముంచి ఊదా రంగంత తీసిన. పసుపుతోని కొట్లాడే రంగులన్ని పక్కకు పెట్టి, పసుపుతోని కలిసిపోయే గోధుమ రంగు, ఇటుక రంగు తీసిన. కన్ను మూయించలే. "తెరిచి నా దిక్కు సూటిగ చూడు" అన్న. జనం చూసేది తెరిచిన కన్నునే కదా. వాలిన రెప్ప మీద మెరుపు లేని లేత రంగు, దాని మడత కంటే జర పైన ముదురు రంగు. రెండు రెప్పలు ఒక్క తీరు కనపడాలె అని కుడి కంటికి అదే ముదురు రంగు జర కిందికి దించిన. ఈసారి ఉంగరం వేలితోనే అంచులు చెరిపిన. మచ్చ మీదికి వేలు పోయినప్పుడల్ల ఊపిరి బిగబట్టిన. ఒక్క కంటికే అరగంట పట్టింది, నా జన్మల అంత నిదానంగ ఏ పనీ చేయలే.

పిల్ల అద్దం కూడ అడగలే. లేచి బయటికి పోయి నాయనమ్మ ముందు కింద కూసున్నది. ముసలామె తలెత్తలే.

"చూడే" అన్నది పిల్ల.

భయం భయంగ చూసింది. అలవాటు కొద్ది ముందు ఎడమ కన్నునే చూసింది. ఈసారి చూపు అక్కడ ఆగలే. కుడి కంటికి పోయింది, ముక్కు మీదికి, చెంపల మీదికి, పెదవుల మీదికి దిగింది. పెదవి కింద వేలు పెట్టి అడిగింది.

"గీ పుట్టుమచ్చ ఎప్పుడొచ్చిందే బిడ్డా?"

"నేను ఐదో తరగతిల ఉన్నప్పుడే వచ్చింది, నాయనమ్మా."