తెప్ప మీద నిలబడలేనివాడు

మొన్న శ్రీకాకుళంలో చెవి డాక్టరుగారు నన్ను పాదాలు దగ్గరగా పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడమన్నారు. ఓస్, ఇంతేనా అనుకుంటూ మూశాను. అంతే, నరికిన అరటిచెట్టులా ఆయన మీదికే ఒరిగిపోయాను. పక్కనున్న మా అమ్మాయి పట్టుకుంది కాబట్టి సరిపోయింది గానీ, డెబ్బై దాటిన మాస్టారు పరాయి మనిషి మీద పడితే ఎలా ఉంటుందో నా ఈడువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, సిగ్గుతో చచ్చిపోయాను. మనిషిని తూలకుండా నిలిపే భాగమొకటి చెవి లోపల ఉంటుందట, నాకది పుట్టుకతోనే సరిగా పనిచెయ్యలేదట, ఇన్నాళ్ళూ కళ్ళ సాయంతో నెట్టుకొచ్చానట, ఇప్పుడు చూపు మందగించి పడిపోతున్నానట.

ఈ ముక్క నా చిన్నప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే!

మాది సముద్రం ఒడ్డు పల్లె. నాన్నకు నేనొక్కణ్ణే కొడుకుని. మీసాలు రాకముందే నన్ను తెప్ప ఎక్కించాడు. ఇంకా చీకటుండగానే చేపల వేటకు బయలుదేరడం మావాళ్ళ అలవాటు. కెరటం మీద తెప్ప లేచేసరికి నా కాళ్ళ కింద ఏముందో తెలియలేదు, వల మీద బోర్లా పడ్డాను. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నాకు ఈత వచ్చు, నీళ్ళంటే రవ్వంత భయం లేదు, కానీ పడిపోయేవాడు భయం లేదంటే ఎవరు నమ్ముతారు? ఒడ్డున చేపల గంపలతో కూర్చున్న అత్తలు "ఏటిరా, సంద్రమోళ్ళింట పుట్టి నీటికి బయపడతన్నావేటి?" అని పకపకా నవ్వేవారు. ఆ వారం తిరక్కుండానే నాన్న నన్ను నిద్ర లేపడం మానేశాడు. "ఆడికి సదువొస్తాది, నానే రావొద్దన్నాను" అని ఊళ్ళో అందరితో చెప్పాడు. నన్ను కొడుకని చెప్పుకోవడానికే ఆయనకు నామోషీగా ఉందనుకున్నాను. అలా అనుకుంటూనే విజయనగరంలో చదివాను, సాలూరులో సైన్సు మాస్టారినయ్యాను.

అస్థిరత పాఠం వచ్చిందంటే నాకు ముళ్ళ మీద ఉన్నట్టుండేది. కదిపినా మళ్ళీ తన చోటికి వచ్చేది స్థిరం, కాస్త కదిలితే చాలు పడిపోయేది అస్థిరం అని చెప్పి, పెన్సిలును మొన మీద నిలబెట్టి వదిలేవాణ్ణి. అది పడగానే పిల్లలు నవ్వేవారు, సహజమే కదా. ఎందుకురా ఆ ఇకిలింపు అని విరుచుకుపడేవాణ్ణి. పెన్సిలు మీద మాస్టారికి అంత అభిమానమేమిటో పాపం వాళ్ళకెలా తెలుస్తుంది?

ఇప్పుడు మా పల్లెలో అన్నీ ఇంజను పడవలే. కుర్రాళ్ళు సగంమంది విశాఖలోనో చెన్నైలోనో ఉద్యోగాలు చేసుకుంటున్నారు, వేటకు వెళ్ళనివాణ్ణి చూసి నవ్వేవారెవరూ లేరు.

ఆ రోజు మేము ఆసుపత్రి బయటికొచ్చేసరికి చీకటి పడింది. మెట్ల దగ్గర మా అమ్మాయి ఆగి, "నాన్నా, నా చెప్పు జారుతోంది, కాస్త పట్టుకో" అంది. చూస్తే దాని చెప్పులు నిక్షేపంలా ఉన్నాయి.

చిన్నప్పుడు చీకట్లో ఒడ్డు నుంచి ఇంటికి నడిచేటప్పుడల్లా నాన్న, "ఇసకలో నాను పడిపోతాన్రా, సెయ్యట్టుకో" అనేవాడు. తుఫాను గాలిలో కూడా తెప్ప మీద నిటారుగా నిలబడే మనిషి ఇసకలో పడిపోతాడా? నేనది నమ్మి, ఆయన్ని నేనే నడిపిస్తున్నానని మురిసిపోయేవాణ్ణి. అలాంటి మనిషికా నేనంటే నామోషీ అని ఇన్నేళ్ళూ అనుకున్నాను! ఇప్పుడు కాళ్ళు పట్టుకుందామన్నా ఆయన లేడు.

మా అమ్మాయి చెయ్యి గట్టిగా పట్టుకుని, "జాగ్రత్తమ్మా, పడిపోతావు" అన్నాను.