లోపల ఉన్నారట

మా అన్నయ్య ఢిల్లీలో బడ్జెట్టు ఆఫీసులో గుమాస్తా. దేశం మొత్తంలో ఏ శాఖకి ఎంత ఇవ్వాలో, ఏ పన్ను పెంచాలో అక్కడే కాగితం మీదకి ఎక్కుతుందని గొప్పగా చెప్పేవాడు. తెల్లవాళ్ళు పోయినా వాళ్ళ గడియారం పోలేదు, లండనుకి వీలుగా ఉండాలని అప్పుడు పెట్టిన సాయంత్రం అయిదింటికే ఇప్పటికీ బడ్జెట్టు చదువుతున్నారు అనేవాడు. ఎప్పుడో ఓసారి గుట్టు ముందే బయటికి పొక్కిందట. ఆ భయంతో, అచ్చు మొదలయ్యే ముందు అందరికీ ఇంత హల్వా పెట్టి, తనతో సహా పనివాళ్ళందరినీ ప్రెస్సులో ఉంచి తాళం వేసేవారు. మంత్రి చదివేదాకా ఉత్తరం లేదు, ఫోను లేదు. అదో పెద్ద గౌరవమనుకునేవాడు, వెర్రిబాగులవాడు.

ఎమర్జెన్సీ రోజులవి. పెళ్ళయిన ఏడాదికే వదిన తొలికాన్పుకి అమలాపురం పుట్టింటికి వచ్చింది. సాయానికి నేనూ వెళ్ళాను. నెలలు నిండేసరికి ఆవిడ ఒళ్ళంతా నీరు పట్టింది. రక్తపోటు ఎక్కువగా ఉంది, దిగులు పెట్టుకోనివ్వకండి అంది డాక్టరమ్మ. వదినకి ఒకటే ధ్యాస, ఆయన్ని ఓసారి రమ్మనండి అని. తాళం సంగతి అన్నయ్య ఆవిడకి చెప్పనేలేదు, ఒట్టిమనిషి కాదు కదా, బెంగ పెట్టుకుంటుందని.

వదిన నాన్నగారు కొబ్బరికాయల వ్యాపారి. ఉత్తరాది లారీలవాళ్ళ దగ్గర నాలుగు ముక్కల హిందీ పట్టారు. ఇంటి ముందరి కొట్టులోంచి ఢిల్లీలో అన్నయ్య ఆఫీసుకి ట్రంకాల్ చేశారు. అవతలెవరో "అందర్ హై" అని పెట్టేశాడు. మావయ్యగారు రిసీవరు పెట్టి నావైపు తిరిగారు.

"అల్లుడుగారు లోపల ఉన్నారటమ్మా."

ఆ రోజుల్లో లోపల అంటే ఒకటే అర్థం. పక్కవీధి మాస్టారిని పోలీసులు పట్టుకుపోయి నెలలు గడిచాయి, ఎక్కడున్నారో ఇంట్లోవాళ్ళకే తెలీదు. కొట్టులో కాయలు వొలిచేవాళ్ళు విన్నారు. మాట వంటింటిదాకా వచ్చింది, వదిన చెవినా పడింది.

నేను లబోదిబోమన్నాను. జైలు కాదండీ, ప్రెస్సండీ, హల్వా కూడా పెడతారండీ అని. హల్వా పెట్టి తాళం వేస్తారా తల్లీ అని మావయ్యగారు నన్ను జాలిగా చూశారు. నిజమే, వింటే అబద్ధంలాగే ఉంది. మాస్టారి భార్యకి కూడా ఊళ్ళోవాళ్ళంతా, ఆయన ఏదో క్యాంపుకి వెళ్ళారనే చెప్పేవారు. వదిన నా చెయ్యి పట్టుకుంది.

"నిజం చెప్పు. అక్కడ కొడతారా?"

ఒట్టేశాను. విసుగొచ్చి తిట్టాను కూడా. నమ్మలేదు. అన్నం ముట్టలేదు, కునుకు తియ్యలేదు.

బడ్జెట్టు చదివే రోజు తెల్లవారుతుండగా గుర్రపువాతం వచ్చి, ఫిట్సుతో కాళ్ళూ చేతులూ కొట్టుకుంది. ఆస్పత్రిలో బిడ్డని తీశారు. వదిన దక్కలేదు. అది దిగులువల్ల వచ్చేది కాదమ్మా అంది డాక్టరమ్మ. అయుండొచ్చు. ఆయన్ని కొడుతున్నారనుకుంటూనే పోయింది మాత్రం నిజం. ఆ తాళం వేసినవాళ్ళని ఇప్పటికీ తిట్టుకుంటాను.

మధ్యాహ్నానికి దహనంతో సహా అంతా అయిపోయింది. సాయంత్రం ఎదురు హోటల్లో రేడియో ఏవో పన్నులు చదువుతోంది. చీకటిపడే వేళకి కొట్టులో ఫోను మోగింది. మావయ్యగారు ఎత్తారు.

"వదిలేరా బాబూ?"

"ఆయ్, ఇప్పుడే వదిలేరండి," అన్నాడు అన్నయ్య. నాకూ వినబడేంత హుషారు. "కాన్పయ్యిందాండీ?"

మావయ్యగారు ఫోను నాకిచ్చేశారు. ఆడపిల్ల అన్నాను. అన్నయ్య పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు అయ్యేదాకా ఆగి, మిగతాది చెప్పాను.