మెలిపడిన గేదె, సూర్నాయుడి తాతల కాలం

2011 ఆగస్టు, మంగళవారం మధ్యాహ్నం. గజపతినగరం దగ్గర ఒక పల్లె, పశువుల శాల. హాజరు: గేదె యజమాని సూర్నాయుడు, అతని తల్లి పైడమ్మ, సాలూరు నుంచి లారీ నడుపుకుంటూ వచ్చిన బావమరిది అప్పలనాయుడు, ఆ మండలానికి పశువైద్య సహాయ సర్జన్‌గా ఉన్న నేను. మా అటెండరును గొంతువాపు టీకాల పని మీద వేరే ఊరు పంపడంతో ఒక్కడినే వెళ్లాను. నాకు ఫోను చేసింది అప్పలనాయుడు.

గేదెకు పొద్దున నుంచి నొప్పులు, ఈత రావడం లేదు. ఆ ఇంటికి పాడి అదొక్కటే. భుజం దాకా తొడుగు వేసుకుని చెయ్యి పెట్టి చూశాను. దూడ గిట్ట వేలికి తగిలి కదిలింది. ప్రాణంతోనే ఉంది. కానీ అది బయటికి రావలసిన దారి కుడివైపుకు పురి తిరిగి ఉంది. దీన్ని గర్భసంచి మెలిపడడం అంటాం. ఆ స్థితిలో దూడను లాగితే సంచి చిరిగి తల్లీ పిల్లా రెండూ పోవచ్చు.

మెలి విప్పడానికి ఒక పద్ధతి ఉంది. గేదెను మెలి ఉన్న వైపుకే పడుకోబెట్టి, డొక్క మీద పలక ఆనించి, దాని మీద ఒక మనిషిని నిలబెడతాం. మిగిలినవాళ్లు కాళ్లకు కట్టిన తాళ్లు పట్టుకుని గేదెను అదే వైపుకు ఒక్క ఊపున దొర్లిస్తారు. పలక లోపలి దూడను కదలనివ్వదు. తల్లి దాని చుట్టూ తిరుగుతుంది, మెలి వీడుతుంది. దీనికి మందుల కంటే మనుషులు ముఖ్యం. ఊరంతా నాట్లకు పోయి ఉంది.

సూర్నాయుడు అప్పటికే దూడను లాగడానికి పగ్గానికి ఉచ్చు వేసి ఉంచాడు.

“దొల్లించడమేటి బాబూ, అదేటి తారు పీపానా? మా తాత కాలంలో డాట్రు ఎక్కడున్నాడు? కేకేస్తే వీదంతా వచ్చీవోరు, పగ్గమేసి లాగీవోరు. పుడితే ఆ కాలంలో పుట్టాల. ఇప్పుడేటున్నాది? గొంతు సించుకున్నా మనిషి రాడు.”

“ఆ కాలానికే ఎల్లు బావా, మా అక్కకి పీడ ఒదులుతాది,” అన్నాడు అప్పలనాయుడు. “నానైతే ఇంకో యాబై ఏళ్లు పోనాక పుడతాను. అప్పుడు లారీ దానికదే నడుస్తాది. నాను ఎనకాల తొంగుంటాను.”

“ఇప్పుడు మాత్రం ఏటి సేస్తన్నావు?” అన్నాడు సూర్నాయుడు.

నేను పగ్గం వద్దని గట్టిగానే చెప్పాను. సూర్నాయుడు వినే ధోరణిలో లేడు. పశువు అతనిది. యజమాని ఒప్పుకోకపోతే మేం చెయ్యి వెయ్యకూడదు.

అప్పుడు గేదె తల దగ్గర కూర్చున్న పైడమ్మ మాట్లాడింది.

“ఒరే, నీ తాత కాలం నువ్వు సూసినావేటి? నాను సూసినాను. నాను కోడలిగా వచ్చిన ఏడు ఇలాగే ఒక గేదికి ఈత రాలేదు. వీదంతా వచ్చినారు. అందరూ కలిసి లాగినారు. గేది పోనాది, దూడ పోనాది. అందరూ కలిసి ఏడ్సినారు. నాకా కాలం ఒద్దురా. డాట్రుబాబు సెప్పినట్టు సెయ్యి.”

సూర్నాయుడు ఉచ్చు విప్పి పగ్గం నా చేతికిచ్చాడు. “కాళ్లకి ఇదే కట్టండి బాబూ. మరి మనుషులో?”

అప్పలనాయుడు అప్పటికే బయల్దేరాడు. ఎరువుల కొట్టు దగ్గర బస్తాలు దించుతున్న నలుగురు కళాసీలను లారీ ఎక్కించుకుని వచ్చాడు. బస్తాలు దించే పలక కూడా తెచ్చాడు.

మొదటిసారి మెలి వీడలేదు. గేదెను మళ్లీ కుడి పక్కకు తెచ్చి దొర్లించాం. రెండోసారీ అంతే. సూర్నాయుడు నా మొహం చూశాడు. మూడోసారి పలక మీద అతనే నిలబడ్డాడు. దొర్లించాక చెయ్యి పెడితే దారి తిన్నగా ఉంది. ఉమ్మనీరు బళ్లున వచ్చింది. కాసేపటికి దూడను బయటికి తీశాం. పెయ్యదూడ, ప్రాణంతో ఉంది. కళాసీలు చేతులు కడుక్కుని, టీ అయినా తాగకుండా మిగిలిన బస్తాలు దించడానికి వెళ్లిపోయారు. వాళ్ల పేర్లు అడగాలన్న ధ్యాస ఆ హడావిడిలో ఎవరికీ రాలేదు. వాళ్లకు కృతజ్ఞత చెప్పే అవకాశం నాకు ఇప్పుడు ఇలా దొరికింది.

మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లాను. ఇలాంటి ఈత తర్వాత, దూడ వెంట రావలసిన మాయ పడిందో లేదో చూడాలి. పడింది. గేదె మేత మేస్తోంది, దూడ పొదుగు వదలడం లేదు. ఇంకా తాత కాలమేనా అని సూర్నాయుడిని అడిగాను.

“అదే బాబూ. కాకపోతే మీరూ రావాల, మా బామ్మర్ది లారీతో రావాల.”

అతను కోరుకుంటున్నది పాత వైద్యం కాదు, పిలిస్తే వచ్చే మనుషులు. అందులో తప్పేమీ లేదు. నా పద్ధతికి కావలసిందీ వాళ్లే. నేను ఆసుపత్రికి తిరిగి వచ్చేసరికి ఇంకో ఊరి నుంచి ఈత కేసుకు ఫోను వచ్చింది. పశువు సంగతి అడగడానికి ముందు, ఇంటి దగ్గర ఎంతమంది ఉన్నారని అడిగాను. పదవీ విరమణ చేసే దాకా అదే నా మొదటి ప్రశ్న.