మొఖం సీదా పెట్టు

శామీర్‌పేట దాటాక ఉన్న మందుల కంపెనీలో నేను గుమాస్తా పని చేస్తాను. ఈ మధ్య అక్కడి గేటు దగ్గర, ముఖం చూసి హాజరు వేసుకుని తలుపు తీసే యంత్రం ఒకటి పెట్టారు. ఈ రోజు పొద్దున నిద్ర చాలక, ధ్యాస ఎక్కడో ఉండి, నా ముఖాన్ని దాని మానాన వదిలేసి యంత్రం ముందు నిలబడ్డాను. గుర్తించలేదు. రెండోసారీ అంతే. కాపలా అన్న మర్యాదగానే, "మేడం, మొఖం సీదా పెట్టుండ్రి" అన్నాడు. అతనికేం తెలుసు పాపం. ఆ మాట చెవిన పడగానే నేను మేడ్చల్‌లో మా ఇంటి గడప మీద, అవ్వ (అమ్మను అలాగే పిలిచేదాన్ని) మోకాళ్ల మధ్య జడ వేయించుకుంటున్న పదకొండేళ్ల పిల్లనైపోయాను.

నాకు పుట్టుకతోనే ఎడమ దవడ సరిగా ఎదగలేదు. ఆ వైపు చెవి ముడుచుకున్న ఆకులా చిన్నది, గడ్డం ఎడమకు ఒరిగి ఉంటుంది. వాడలో నాది గ్రహణం పట్టిన మొఖమనేవాళ్లు. మేము చర్చికి పోయేవాళ్లం, గ్రహణాలను నమ్మకూడదు, అయినా ఆ మాటకు మా ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పేవారు కారు. బడిలో పిల్లల సరదా వేరు. "సొట్టమూతీ, బువ్వ ఏ దిక్కున నములుతవే?" అని అడిగి, నేను నమిలేదాకా చుట్టూ నిలబడి చూసేవారు. అన్నం డబ్బా మూత తీయకుండానే ఇంటికి తెచ్చిన రోజులు చాలా ఉన్నాయి.

దీనికి అవ్వ ఒక ఉపాయం కనిపెట్టింది. కింది దవడను కుడికి జరిపి, పళ్లు బిగించి పట్టి, తల కొంచెం తిప్పితే గడ్డం ముక్కు కిందికి వస్తుంది. చుట్టాలు వచ్చినా, చర్చిలో పాటకు లేచినా, ఎవరైనా ఫోటో అన్నా, అవ్వ నా తొడ మీద గిచ్చి మెల్లగా "సీదా వెట్టే" అనేది. మా ఇంట్లో ఆ మాటకు అదొక్కటే అర్థం. ప్రేమతోనే గిచ్చేదని ఇప్పుడు అనుకుంటాను. తొడ మీది నీలిమచ్చలకు ఆ తేడా తెలిసేది కాదు.

నాకు పదకొండేళ్లున్న ఆ ఏడు, పుట్టుకతో ముఖం వంకర ఉన్నవాళ్లకు ఉచితంగా ఆపరేషన్ చేస్తామని పట్నం డాక్టర్లు శామీర్‌పేటలో శిబిరం పెట్టారు. అందరికీ చేయలేరు కనుక ముఖాలు కొలిచి, రెండు సగాల మధ్య తేడా వాళ్లు పెట్టుకున్న హద్దు దాటితేనే తీసుకుంటారట. అవ్వ కత్తికి భయపడి రానంది. నాయిన కుత్బుల్లాపూర్‌లో కంపెనీ పనికి సెలవు పెట్టి, దారంతా నా చెయ్యి వదలకుండా తీసుకెళ్లాడు.

కొలతలు తీసే ఆయన నా కళ్ల మూలల్లో, ముక్కు పక్కల, పెదవుల చివర, గడ్డం మీద నల్ల చుక్కలు పెట్టాడు. కెమెరాతో బొమ్మ తీస్తే, కంప్యూటర్ ఒక సగాన్ని మడిచి రెండో సగం మీద పరిచి, చుక్కకూ చుక్కకూ ఎంత ఎడముందో లెక్కగడుతుందని చెప్పాడు. కాగితం మడిచి సీతాకోకచిలుకను కత్తిరించినట్టన్నమాట అనుకుని మురిసిపోయాను. ఆయన కెమెరా వెనక్కి వెళ్లి, "ఆఁ, మొఖం సీదా పెట్టు బిడ్డా. పండ్లు కలిపి పట్టు" అన్నాడు.

పెట్టాను. అంత బాగా అంతకు ముందెప్పుడూ పెట్టలేదు.

తేడా చాలా తక్కువనీ, అదృష్టవంతురాలిననీ, ఆపరేషన్ అక్కరలేదనీ నవ్వుతూ చెప్పి పంపేశారు. బస్టాపులో కూర్చున్నాక నొప్పి ఓర్చుకోలేక దవడ వదిలాను. అది తన చోటికి జారడం నాయిన చూశాడు.

"గట్లెందుకు జేసినవ్ బిడ్డా?"

"సారే గద నాయినా, సీదా పెట్టుమన్నడు."

నాయిన నన్ను దాదాపు ఈడ్చుకుంటూ వెనక్కి పరుగెత్తాడు. వాళ్లు కెమెరా సర్దేస్తున్నారు. నాయిన రొప్పుతూ ఏదో చెప్పబోయేలోగా, చుక్కలు పెట్టినాయన నా వైపు చూసి పక్కనున్న నర్సుతో నవ్వాడు. "చూసినవా సిస్టర్, ఇందాక సీదా ఉండె, ఇప్పుడు మూతి వంకర వెట్టుకొని వచ్చింది. మస్తు జల్దీ నేర్పినవ్ పెద్దమనిషీ! మిషిన్ అబద్ధం జెప్పది, మనుషులే జెప్తరు." తర్వాత నా గడ్డం పట్టుకుని, వెక్కిరిస్తున్న పిల్లను సరిచేసినట్టు కుడికి తోశాడు. "గిట్ల ఉండాలె." నాయిన దండం పెట్టాడు. వాళ్లు పెట్టె మూత వేశారు. పరాయివాళ్లకు చూపించాలని నా అసలు ముఖంతో నిలబడింది ఆ ఒక్కసారే. అది దొంగ ముఖమన్నారు.

ఆ ఆదివారం అవ్వ సంబరంగా చర్చిలో లేచి సాక్ష్యం చెప్పింది, మా పిల్ల మొఖం సీదానే ఉన్నదని మిషినే జెప్పింది, దేవునికి స్తోత్రం అని. అందరూ తిరిగి నన్ను చూశారు. స్తోత్రాలు అయ్యేదాకా దవడ పట్టే ఉంచాను. ముందు వరుసలో ఒక పిల్ల, "గా మిషిన్‌కు కండ్లద్దాలు గొనియ్యాలె" అంది. పెద్దవాళ్లు కూడా పాటల పుస్తకాలు అడ్డం పెట్టుకుని నవ్వారు. మనుషులతో మాట్లాడడం మానేసి డైరీ రాయడం, కథల పుస్తకాల్లో తలదూర్చడం నాకు ఆ ఏటి నుంచే అలవాటైంది. పుస్తకానికి నా ఏ వైపైనా ఒకటే కదా.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఫోటో అంటే కొత్త బట్టలు కట్టుకుని స్టూడియోకి వెళ్లిన రోజులు. ఇప్పుడు ఫోన్లే అడగకుండా ముఖాలు సరిచేసి ఇస్తున్నాయి. మా వీధిలో నాలాగే పుట్టిన ఒక పసివాడికి మాటలు రాకముందే కొలతలు తీశారు, వైద్యం మొదలైంది. వాణ్ణి ఎవరూ గిచ్చరు. అవ్వ పోయింది. నాయిన మాత్రం ఆ రోజు నుంచి బస్సులోనైనా, భోజనానికైనా, దవడ వంకర కనపడని నా కుడివైపే కూర్చుంటాడు. ఎందుకని నేను అడగలేదు.

గేటు దగ్గర ఈ యంత్రం పెట్టిన రోజున కూడా, ముఖం చూపించమంటే అలవాటుగా సీదా పెట్టే చూపించాను. దానికి తెలిసింది ఆ సీదా మొఖం అమ్మాయే. ఇప్పుడు నా వెనక వరుస పెరుగుతోంది, ఎవరో "జల్దీ మేడం" అన్నారు. దవడ కుడికి జరిపి పళ్లు బిగించాను. యంత్రం నా పేరు పెట్టి పలకరించి తలుపు తీసింది.