టేపక్క ముందు గది కిటికీ

టేపక్కకి ఆ పేరు ఎవరు పెట్టారో తెలీదు గానీ, వాళ్ల నోట్లో చక్కెర పొయ్యాలి. మెడలో కొలతల టేపు లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్లు ఆ సందులో లేరు. బడిపిల్లల యూనిఫారాలు, తలుపు తెరలు, పొట్ట పెరిగినవాళ్ల పంట్లాలు, ఏ గుడ్డయినా సరే, ఆవిడ చేతిలో పడ్డాక బుద్ధి తెచ్చుకుని ఒంటికి సరిపోవాల్సిందే.

ఇంత పనిమంతురాలూ కుట్టేది మాత్రం దొంగసారా కాస్తున్నట్టు. మిషను ముందు గదిలో ఉండేది. ఆ గదికి వీధివైపు పెద్ద కిటికీ, దానికి ఎప్పుడూ మూసిన తలుపులు. ఆవిడ కాపురానికొచ్చిన కొత్తలో ఎవరో మహానుభావుడు చెప్పాడట, ఇంట్లో పని పురపాలక సంఘం వాళ్ల కంటబడితే ఆ గదిని కొట్టు కింద రాస్తారని, ఇంటి పన్ను మూడింతలవుతుందని. బస్సు నడిపే మొగుడి జీతం ఇల్లు గడవడానికి, ఆవిడ కుట్టు పిల్లల చదువుకి. పన్ను మూడింతలైతే మిషను అమ్ముకోవడమే గతి. అందుకని పట్టపగలు దీపం వేసుకుని, చెమటలు కక్కుతూ తొక్కింది ఇన్నేళ్లూ. నల్లగుడ్డ మీద నల్లదారం నడిపించేటప్పుడు ఆ కిటికీ వైపు చూస్తే ఏడుపొచ్చేది.

దానికి తోడు పక్కింటి గడియారాల బాబాయి ఒకడు. ఇంటి ముందే ఆయన రిపేరు కొట్టు. ఏం బుద్ధి పుట్టేదో, ఉన్నట్టుండి అలారాలన్నీ ఒక్కసారి మోగించేవాడు. టేపక్కకి తలప్రాణం తోకకొచ్చేది.

అలా ఉండగా, ఊళ్లో ఇళ్లన్నిటికీ మళ్లీ కొత్తగా విలువ కడతారని కబురొచ్చింది. సందు సందంతా బీదరికం నటించడం మొదలెట్టింది. పూలకుండీలు పెరట్లోకి పోయాయి. ఎదురింటి టీచరమ్మ మంచి తెరలు విప్పేసి చిరుగు దుప్పట్లు కట్టింది. గడియారాల బాబాయి కొత్త గేటుకి తన చేత్తో బురద పూసి, నాలుగడుగులు వెనక్కెళ్లి చూసుకుని, చాల్లేదని మళ్లీ పూశాడు.

టేపక్క ఇంట్లో అత్తగారే సేనాధిపతి.

"గుడ్డలన్నీ మంచం కిందకి తొయ్యి. మిషను మీద దుప్పటి కప్పు. నేను పడుకుని మూలుగుతా. రోగిష్టి ముసలిదాని గదిలో ఎంతసేపుంటారే ఎవరైనా?"

"నాకు భయంగా ఉంది అత్తయ్యా."

"నీ మొహం. నువ్వు నోరు మెదపకుండా నిలబడు చాలు."

పురపాలక సంఘం నుంచి కొలతలకి వచ్చింది ఒక చిన్నపిల్ల, ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు. చేతిలో ఇనుప టేపు. పొడవు కొలిచింది, వెడల్పు కొలిచింది. అత్తగారు శ్రుతి తప్పకుండా మూలుగుతోంది. అంతా సవ్యంగా జరిగిపోతోందనగా ఆ అమ్మాయి టేపక్క వైపు తిరిగి నవ్వింది.

"అక్కా, నా టేపు నా చేతిలో ఉంది. మరి మీ మెడలోదేంటి?"

టేపక్క చెయ్యి మెడ మీదకి పోయింది. దారపుండల దగ్గర్నుంచి గుండీల డబ్బా దాకా అన్నీ దాచింది, మెడలో టేపు మర్చిపోయింది. అది అక్కడున్నట్టు తెలిస్తే కదా తియ్యడానికి!

మంచమ్మీంచి అత్తగారు అందుకుంది. "అది నా కోసం తల్లీ. నాకు నడుం వాచింది. వాపు దిగిందో లేదోనని కోడలు పొద్దుటా సాయంత్రం కొలుస్తోంది."

ఆ అమ్మాయి పగలబడి నవ్వి మంచం అంచున కూలబడింది. కుదుపుకి కిందనుంచి సగం కుట్టిన చొక్కా చెయ్యి బయటికొచ్చి అందరినీ పలకరించింది.

ఇక టేపక్క వల్ల కాలేదు. "కుడతానమ్మా. నా పిల్లలు చదివేది దీనిమీదే. కొట్టు అని రాస్తే రాయి, ఏం చేస్తాను. మా అత్తయ్యని మాత్రం అబద్ధాలకోరు అనుకోకు. అంతా నా కోసమే."

"కొట్టని ఎందుకు రాస్తానక్కా? కూలివాళ్లని పెట్టుకోకుండా, సొంతింట్లో, ఇంటిమనిషి ఒక గదిలో చేసుకునే పనికి ఇంటి పన్నే. ఎప్పుడూ అంతే."

"ఎప్పుడూనా?"

"మీరు కాపురానికి రాకముందు నుంచీ."

టేపక్క కిటికీ వంక చూసింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

అత్తగారి జబ్బు అక్కడికక్కడే నయమైంది. లేచి కూర్చుని అడిగింది. "విలువ పెరిగితే పన్నూ పెరిగినట్టేగా?"

"అలాగేం కాదు బామ్మగారూ. రోడ్లకీ దీపాలకీ బడికీ ఏడాదికి ఎంత కావాలో ఊరు ముందే తేల్చుకుంటుంది. దాన్ని ఇళ్ల విలువలను బట్టి పంచుతాం. పెద్దరోడ్డు మీద మేడలు లేచాయి కదా? వాళ్లింకా పాత విలువ మీదే కడుతున్నారు. ఇప్పుడు వాళ్ల వాటా పెరుగుతుంది, మీ సందు వాటా కాస్త తగ్గినా తగ్గొచ్చు."

"అంటే ఇన్నాళ్లూ మేడలవాళ్ల వాటా కొంత మేం మోశామన్నమాట! మేమేమో బురదలు పూసుకుని కూర్చున్నాం!" అని అత్తగారు ముక్కున వేలేసుకుంది.

సాయంత్రం మొగుడు డ్యూటీ దిగి వచ్చి, తుప్పు పట్టిన బందులకి బస్సు నూనె పోసి, భుజంతో తోశాడు. కిటికీ తలుపులు కేకపెట్టి తెరుచుకున్నాయి. ఎండ వచ్చి మిషను మీద పడింది. టీచరమ్మ తెరకి తెల్లదనుకుని వేసిన దారం ఆ వెలుతురులో పసుపుపచ్చగా కనబడింది. టేపక్క నాలుక కరుచుకుని, నవ్వుతూ ఆ కుట్టంతా విప్పేసింది.

కొత్త దారం ఎక్కించి మిషను తొక్కుతుంటే గడియారాల బాబాయి కిటికీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. సంగతంతా అప్పటికే అత్తగారు సందంతా చాటేసింది.

"అయితే నాకు ఒక పని తగ్గిందమ్మా" అన్నాడు.

"ఏం పని బాబాయ్?"

"అలారాలు మోగించే పని. పన్ను గుమాస్తా సందు మొదట్లో కనబడగానే అన్నీ ఒక్కసారి మోగించేవాణ్ణి. నీ మిషను చప్పుడు ఆయన చెవిన పడకూడదుగా?"

టేపక్క కాళ్లు మిషను మీద ఆగిపోయాయి. తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చాయి. మెడలో టేపు తీసి కిటికీలోంచి చెయ్యి చాచింది.

"ఇలా దగ్గరికి రా బాబాయ్. చొక్కా కొలత తీస్తాను."