తోడు కూర్చునే మనిషి

మా బిస్కెట్ ఫ్యాక్టరీ రూల్సు పుస్తకంలో కార్మికుడికి పనికొచ్చే వాక్యం ఒకే ఒక్కటుండేది. ఛార్జిషీటు అందుకున్నవాడు ఎంక్వైరీకి వెళ్ళేటప్పుడు, తనతో పనిచేసేవాళ్ళలో ఒకరిని సహాయానికి తెచ్చుకోవచ్చునని. ఎవరూ రారన్న ధైర్యంతోనే రాసి ఉంటారు. ఎవరొస్తారు చెప్పండి? మేనేజరు ఎదురుగా కూర్చుని 'ఈ మనిషి తప్పేం లేదు' అనడమంటే కొరివితో తల గోక్కోవడమే.

ఆయన వచ్చేవాడు. ఓవెన్ దగ్గర పని ఆయనది. ముప్పై ఏళ్ళ సెగకి ముంజేతుల మీద వెంట్రుకన్నది మొలవడం మానేసింది. ఎవరికి ఛార్జిషీటొచ్చినా పక్కన ఈయనే కూర్చుంటాడు కనుక ప్యాకింగ్ ఆడవాళ్ళు 'తోడుపెళ్ళికొడుకు' అని పేరు పెట్టారు. యాభై దాటాక అదేం పేరని వదిన, అంటే ఆయన భార్య, మొదట్లో మూతి ముడుచుకుంది గానీ పోనుపోను తనూ అలాగే పిలవసాగింది.

చదివింది పదో తరగతి. కానీ ఛార్జిషీటు చదవడం ఆయన దగ్గరే చూడాలి. మూడుసార్లు చదివేవాడు. మొదటిసారి కోపం చదువుతుందట, రెండోసారి భయం చదువుతుందట, మూడోసారికి గానీ మనిషి చదవడట. తర్వాత ప్రశ్నలు. "ఎన్నింటికి జరిగింది? పక్కన ఎవరున్నారు? నువ్వక్కడ నించుంటే వాళ్ళకెట్లా కనబడ్డావు?" ఎంక్వైరీ గదిలో మాత్రం పెద్దగా మాట్లాడేవాడు కాదు. పక్కవాడు ఆవేశపడబోతే బల్ల కింద కాలు తొక్కేవాడు. చివర్లో సంతకాలప్పుడు ప్రతి పేజీ చదివేదాకా కలం ముట్టనిచ్చేవాడు కాదు. విచారణాధికారి ఆవులిస్తూ కూర్చునేవాడు.

నా పక్కనా అలాగే కూర్చున్నాడు. పిండి కలిపే మెషిన్ దగ్గర నిద్రపోయానని నా మీద నేరం. నిద్రపోయిన మాట నిజమే, అది వేరే సంగతి.

"పడుకున్నావా?" అనడిగాడు ముందురోజు.

"పడుకున్నానన్నా."

"అయితే పడుకోలేదని అబద్ధమాడకు. వాళ్ళెట్లా చూశారో వాళ్ళనే చెప్పమందాం."

తలుపు దగ్గర్నుంచి చూశానన్నాడు సూపర్‌వైజరు. "ఒక్కసారి అందరం ఆ తలుపు దాకా వెళ్ళొద్దామాండీ" అన్నాడీయన, పెళ్ళివారిని భోజనానికి లేపినంత మర్యాదగా. వెళ్ళి చూస్తే తలుపుకీ మెషిన్‌కీ మధ్య పిండి బస్తాలు కప్పు దాకా ఉన్నాయి. హెచ్చరికతో బయటపడ్డాను. నా చర్మం ఒలిచి చెప్పులు కుట్టించినా నీ ఋణం తీరదంటే, "నీ చర్మం నా కాలికి చాలదులే, పోయి ముఖం కడుక్కో" అన్నాడు.

తప్పు చేసిన నన్ను ఆయన అలా బయటపడేశాడు. ఏ తప్పూ చేయని ఆయనకి నేనేం చేశానో ఇప్పుడు చెప్పాలి. చెప్పాలంటే నోరు రావడం లేదు.

ఒకరోజు ప్యాకింగ్ మెషిన్‌లో ఒకావిడ వేళ్ళు ఇరుక్కున్నాయి. ఆ మెషిన్ విప్పడం తెలిసినవాడు ఆ షిఫ్టులో ఈయనొక్కడే. కేకలు వినగానే పరిగెత్తలేదు, అదీ ఆయన పద్ధతి. ముందు సూపర్‌వైజరు వైపు చూశాడు. "వెళ్ళు వెళ్ళు, ఇక్కడ నేను చూసుకుంటా" అన్నాడు సూపర్‌వైజరు. పిండి బండి తోసుకొస్తూ నేను పక్కనే ఉన్నాను. నా రెండు చెవులతో విన్నాను, ఇంకెవరూ లేరు. ఆవిడ వేళ్ళు దక్కాయి. సూపర్‌వైజరు ఓవెన్ వైపు చూడనే లేదు, లోపల సరుకంతా మాడి బొగ్గయింది. మూడోరోజు ఈయనకి ఛార్జిషీటు. అనుమతి లేకుండా పనిచోటు వదిలాడని. ఎన్నాళ్ళుగానో కాచుకు కూర్చున్నారు కదా, చేతికి చిక్కాడు.

"తమ్ముడూ, ఈసారి నువ్వు నా పక్కన కూర్చోవాలి" అన్నాడు. "నువ్వేం వాదించక్కర్లేదు. విన్నది చెప్పు, చాలు."

"అదేం మాటన్నా, నువ్వు అడగాలా!" అన్నాను. ఆ క్షణంలో మనస్ఫూర్తిగానే అన్నాను.

మర్నాడు మేనేజరు పిలిచాడు. బెదిరించలేదు. కుర్చీ కూడా చూపించాడు. "నీకింకా ఎన్నేళ్ళుంది సర్వీసు?" అనడిగాడు.

"మూడేళ్ళండి."

"మూడేళ్ళెంతలో గడుస్తాయి, జాగ్రత్తగా ఉంటే" అన్నాడు. అంతే.

మా ఆవిడ అడ్డుపడిందని చెప్పుకుంటే నాకు కాస్త హాయిగా ఉండేది. అడ్డుపడలేదు. ఎంక్వైరీకి వేసుకెళ్ళమని చొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది కూడా. నేనే పొద్దున్నే లేచి, తెలిసిన డాక్టరు దగ్గర జ్వరమని చీటీ రాయించి పక్కింటివాడితో ఫ్యాక్టరీకి పంపాను. ఆయన ఉద్యోగం పోయింది. విచారణంతా ఆ ఒక్క పూటలోనే ముగిసిందని విన్నాను. తర్వాత ఆయన ఎదురుపడతాడేమోనని టీ తాగే కొట్టు మార్చేశాను.

ఆయన లేబర్ కోర్టులో కేసు వేశాడు. ఆ కేసు చూసే లాయరమ్మ ఆఫీసు జిరాక్సు షాపు మీద రెండు గదులు. వాయిదాలకని వెళ్ళిన మనిషి అక్కడే పాతుకుపోయాడట. ఉద్యోగాలు పోయినవాళ్ళు వస్తే వాళ్ళ కాగితాలు చదివి, జరిగింది జరిగినట్టు వరసగా రాసి లాయరమ్మకి అందించడం. తనకి ఉద్యోగం లేకపోయినా ఊరందరి ఉద్యోగాలూ కావాలి ఆయనకి.

మూడేళ్ళు గడిచాయి. నేను రిటైరైన మర్నాడు లాయరమ్మ దగ్గరికి వెళ్ళాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో నన్ను చూసి నేర్చుకోవాలి. నా ధైర్యం కూడా రిటైర్మెంటు కోసం కాచుకుందన్నమాట.

"సూపర్‌వైజరు వెళ్ళమన్నాడమ్మా. నేను విన్నాను. కోర్టులో చెప్తాను" అన్నాను.

ఆవిడ సంతోషపడుతుందనుకున్నాను. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఫ్యాక్టరీలో విచారణ సరిగ్గా జరగలేదని తేలితేనే కోర్టు మళ్ళీ మొదట్నుంచీ సాక్ష్యం వింటుందండీ. సరిగ్గానే జరిగిందని పోయిన నెలే తేల్చేశారు. ఇదిగో, దీనివల్ల."

ఫైలు నా వైపు తిప్పింది. విచారణ కాగితం అడుగున ఆయన దస్తూరీ. 'నాకు సహాయకుడు అక్కర్లేదు. వాయిదా కూడా అడగడం లేదు.' కింద సంతకం.

"అందరికీ చెప్పే మనిషి తను ఇలా ఎందుకు రాసిచ్చాడో నాకు అర్థం కాదు. ఎన్నిసార్లడిగినా, రాయాలనిపించింది, రాశానంటాడు" అంది ఆవిడ.

ఆయన పక్కగదిలో ఒక కుట్టుమిషనావిడ కాగితం చదువుతున్నాడు. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. తలెత్తి, "రా తమ్ముడూ, కూర్చో" అన్నాడు.

"ఎందుకట్లా రాశావన్నా?"

చదువుతున్న కాగితం మడిచి ఆవిడకిచ్చి, కాసేపు బయట కూర్చోమ్మా అన్నాడు.

"నీ జ్వరం చీటీ చూపించి వాయిదా అడిగాను. దానికేం, ఇస్తాం అన్నాడు మేనేజరు. కాకపోతే కంపెనీ డాక్టర్ని ఇప్పుడే కారులో మీ ఇంటికి పంపుతామన్నాడు. జ్వరం లేకపోతే దొంగ సెలవని నీకూ ఛార్జిషీటు. నీకు నిజంగా ఉందో లేదో నాకేం తెలుసు? మూడేళ్ళ సర్వీసు మిగిలినవాడివి. అక్కర్లేదని రాసేశాను."

ఆ వేళకి నేను మా గుమ్మం ముందు కూర్చుని సైకిలు చెయిన్‌కి నూనె వేసుకుంటున్నాను. కారు వచ్చి ఉంటే నన్ను చూడ్డానికి తలుపు కూడా తట్టక్కర్లేకపోయేది.

కాళ్ళు పట్టుకోబోయాను. పట్టుకోనివ్వలేదు. "తప్పు నాది కూడా ఉందిలే. మూడేళ్ళే ఉన్నవాణ్ణి నేను అడక్కుండా ఉండాల్సింది" అన్నాడు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి.

రెండు నెలలకి కేసు కొట్టేశారు. సహాయం వద్దని కార్మికుడే రాసిచ్చాడు గనక విచారణలో లోపం లేదని తీర్పు. కబురు తెలిసి వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన ఇంకా లాయరమ్మ దగ్గర్నుంచి రాలేదు. వదిన లోపలికి పిలిచి మంచినీళ్ళిచ్చింది. తర్వాత కొంగుతో కళ్ళొత్తుకుంది.

"ఏం చేస్తాం తమ్ముడూ, మా రాత. ఆ రోజు నీకు అంత జ్వరం రాకపోయి ఉంటే మా ఆయన ఉద్యోగం నిలబడేది. ఒళ్ళు కాలిపోతున్నా వస్తానన్నావట, ఆయనే వద్దన్నాడట. ఇప్పటికీ చెప్తుంటాడు."

నేను గ్లాసు పట్టుకుని తల ఊపాను.